దవడకి మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్

12 జూన్ 2006, సోమవారం

జనవరిలో ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగున "జావా నేర్చుకో, జాబ్ పట్టుకో" అని అచ్చేశారు. ఇన్నాళ్లూ టీవీ కింద దుమ్ము కొట్టుకుని ఉంది. నోటితో చెప్పుకోగలిగినవాడికి డైరీ ఎందుకు? నేను నోటితో బతికేవాణ్ని. ఇవాళ మాత్రం నోటితో చెప్పలేనిది ఒకటి వచ్చింది.

పొద్దున ఏడింటి బ్యాచ్‌లో జావా థ్రెడ్స్ పాఠం చెప్పాను. మైక్ పట్టుకుంటే రెండు గంటలు ఆగను, మంచినీళ్లు కూడా తాగను. మైత్రీవనం వెనక సందుల్లో "కోర్ జావా బై కేదార్ సార్" అని గోడలనిండా పోస్టర్లుంటాయి. జనం ఇన్‌స్టిట్యూట్ పేరు చూసి రారు, నా పేరు చూసి వస్తారు. ఇది గొప్ప కాదు, అమీర్‌పేటలో పద్ధతే అంత.

క్లాసయ్యాక నవీన వచ్చింది. బోరబండ అమ్మాయి. వాళ్ల నాన్న ఐలయ్య తాపీ మేస్త్రీ. డౌట్ అడుగుతుందనుకున్నాను. సార్, మీ ఎడమ చెంప జర ఉబ్బినట్టు కనవడ్తుంది, పన్ను నొస్తుందా అని అడిగింది. వెనక బెంచీల వాళ్లు నేను గుట్కా పెట్టుకుంటున్నానని అనుకుంటున్నారట.

నొప్పి లేదని చెప్పాను. నిజంగానే లేదు. ఉంటే బాగుండేది.

ఉబ్బిందని నాకు రెండు నెలలుగా తెలుసు. షేవింగ్ చేసుకునేటప్పుడు బ్లేడు ఆ పక్క ఎక్కి దిగుతోంది.

13 జూన్

మా ఆవిడ సుమ కూడా చూసింది. శనివారం డెంటిస్ట్ దగ్గరికి వెళ్తున్నాం. "వెళ్తున్నాం" అంది, "వెళ్లు" అనలేదు.

17 జూన్, శనివారం

అమీర్‌పేట చౌరస్తా దగ్గర మేడ మీద క్లినిక్. డెంటిస్ట్ చిన్నపిల్ల, మా ఏడింటి బ్యాచ్‌లో కూర్చోబెడితే కలిసిపోతుంది. వేలితో చిగురు మీద నొక్కి చూసి మాట తగ్గించేసింది. కింద సెంటర్లో ఓపీజీ అనే దవడ ఎక్స్‌రే తీయించుకు రమ్మంది. అదో వింత మెషీన్. గడ్డం ఒక గూట్లో పెట్టి, చిన్న పుల్ల కొరికి నిలబడాలి. మెషీన్ తల చుట్టూ ప్రదక్షిణ చేస్తుంది. పళ్లన్నీ ఒక వరసలో పరిచినట్టు ఫిల్మ్ వస్తుంది.

ఫిల్మ్‌ని లైటు మీద పెట్టింది. కుడివైపు దవడ తెల్లగా, నిండుగా ఉంది. ఎడమవైపు చివర, చెవి కిందికి తిరిగే చోట, నల్లగా మూడు బుడగలు. బుడగల మీద ఉన్న దంతం వేళ్లు సగానికి అరిగిపోయాయి. వేళ్లు అలా అరిగాయంటే మామూలు ఇన్ఫెక్షన్ కాదు, సిస్ట్ కావచ్చు, ట్యూమర్ కావచ్చు అంది. ట్యూమర్ అనగానే సుమ నా మోచెయ్యి పట్టుకుంది. ట్యూమర్లన్నీ క్యాన్సర్ కాదు, దవడలో వచ్చేవి చాలావరకు మంచివే అని డెంటిస్ట్ గబగబా అంది. మంచి ట్యూమర్ అనే మాట మొదటిసారి విన్నాను.

ఇక్కడ జ్ఞానదంతం లేదేంటండీ అని అడిగింది.

పీకించుకున్నా, ఎప్పుడో కాలేజీలో ఉండగా, అన్నాను. సుమ నా పక్కనే ఉంది.

పంజగుట్టలో ఓరల్ సర్జన్‌కి లెటర్ రాసిచ్చింది.

18 జూన్, ఆదివారం, ఉదయం 5.30

సుమ నిద్రపోతోంది. ఇప్పుడు రాసేస్తే పోతుంది.

2003 మే. భీమవరంలో ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని. అప్పుడూ ఇదే చెంప ఉబ్బింది. ఒక నర్సింగ్ హోమ్‌లో డాక్టరు జ్ఞానదంతం కింద నీటితిత్తి ఉందన్నాడు. మత్తిచ్చి, పన్ను పీకి, తిత్తి గోకి తీసేశాడు. తీసింది టెస్టుకు పంపలేదు, బేసిన్లో పడేశాడు. పంపాలని నాకూ తెలియదు. నెల్లాళ్లు జావ తాగాను. తగ్గిపోయింది, మర్చిపోయాను.

సంబంధాలు చూడటం మొదలయ్యాక అమ్మ కూర్చోబెట్టి చెప్పింది. దవడ ఆపరేషన్ అని ఎక్కడా అనకు, దవడ అంటే జనం ఇంకేదో జబ్బనుకుంటారు, పిల్లనివ్వరు అని. ఎవరైనా అడిగితే జ్ఞానదంతం పీకించుకున్నాడని చెబుదాం అంది. ఎవరూ అడగలేదు. పెళ్లయి ఏడాదిన్నర అవుతోంది, నేనూ చెప్పలేదు.

ఇందులో తమాషా ఒకటుంది. నేను క్లాసులు చెప్పడమే కాదు, మా క్లాసు పిల్లలకి మాక్ ఇంటర్వ్యూలు కూడా చేస్తాను. అంటే, లేని మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ రెజ్యూమేలో పెట్టించి, దాన్ని తడబడకుండా చెప్పడం నేర్పిస్తాను. అడిగినదానికే చెప్పు, అడగనిది చెప్పకు, పానెల్ ఏ కథ వినాలనుకుంటోందో అదే వినిపించు. ఇవి నా సూత్రాలు. సుమ పంజగుట్టలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కంపెనీలో పని చేస్తుంది. అలాంటి రెజ్యూమేలు పట్టుకోవడమే ఆవిడ ఉద్యోగం. నేను తయారు చేస్తాను, తను పట్టుకుంటుంది, ఇద్దరి జీతాలతో ఇల్లు గడుస్తుంది. అందుకే అన్నం దగ్గర కంపెనీల పేర్లు ఎత్తకూడదని పెళ్లయిన కొత్తలోనే ఒప్పందం చేసుకున్నాం. ఇన్నాళ్లూ ఇది మాకు నవ్వుకునే విషయం.

మా పిల్లలు లేని మూడేళ్లు కలుపుకుంటారు. నేను ఉన్న మూడేళ్లు దాచాను. నా దవడ ఫ్రెషర్.

22 జూన్, గురువారం

పంజగుట్ట ఓరల్ సర్జన్, డాక్టర్ హనుమత్ప్రసాద్. పెద్దాయన, మెల్లగా మాట్లాడతారు, మనిషిని చూడకుండా ఫిల్మ్‌తోనే మాట్లాడతారు. నేను ముందే ప్రిపేరై వెళ్లాను. ఉబ్బు ఎప్పటినుంచి, నొప్పి ఉందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, అన్నింటికీ ఆన్సర్లు వరసగా ఉన్నాయి.

ఆయన మూడు పేర్లు చెప్పారు. రెండు రకాల సిస్టులు, ఒక ట్యూమర్. ట్యూమర్ పేరు అమెలోబ్లాస్టోమా. పంటి పైపెంకు తయారు చేసే కణాల్లోంచి పుడుతుందట. సిస్ట్ అయితే నోట్లోంచే గోకి తీసేయొచ్చు, పది రోజుల్లో క్లాసుకి పోవచ్చు. అమెలోబ్లాస్టోమా అయితే గోకితే చాలదు, దవడ ఎముకని కొంత కోసేయాలి. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనబడగలవు, ముక్క తీసి చూడాలి అన్నారు.

అప్పుడే సుమకి ఆఫీసు నుంచి ఫోనొచ్చి కారిడార్లోకి వెళ్లింది. ఆయన నా వైపు తిరిగి, ఈ చోట ఇంతకుముందు ఏదైనా ఆపరేషన్ అయిందా అని అడిగారు. ఇలాంటివి మొదటిసారి వచ్చిందా రెండోసారా అన్నదాన్ని బట్టి నా లెక్క మారిపోతుంది, ఒకసారి తీశాక మళ్లీ వచ్చిందంటే నేను దాన్ని సిస్ట్ అనుకోను అన్నారు.

సుమ లేదు. గ్లాస్ డోర్ అవతల వీపు తిప్పి మాట్లాడుతోంది. అదే అదను. చెప్పేస్తే అయిపోయేది.

లేదండీ, పన్ను పీకించుకోవడమే అన్నాను.

ఎందుకన్నానో రాయడానికి చాలాసేపు చూశాను. సుమకి తెలుస్తుందన్న భయం ఒకటి. అది సగమే. చెబితే ఆయన ఎముక కోస్తానంటారు, చెప్పకపోతే గోకుతానంటారు. నాకు గోకడమే కావాలి. పానెల్ చేత ఏం అనిపించాలో అదే అనిపించాను.

24 జూన్

వాచిన వైపు క్లాసుకి కనబడకుండా కుడి చెంప చూపిస్తూ పక్కకి తిరిగి చెబుతున్నాను. బోర్డుకి ఎడమ పక్కన కూర్చున్నవాళ్లు వినబడట్లేదని గొడవ.

27 జూన్, మంగళవారం

ముక్క తీశారు. ముందు సిరంజితో లాగితే పలచటి పసుపు నీళ్లొచ్చాయి. సిస్టుల్లో ఇలాగే వస్తుంది అన్నారు హనుమత్ప్రసాద్ గారు. నాకు పండగే. లోపలి పొరలోంచి చిన్న ముక్క కత్తిరించి సీసాలో వేశారు. మీరు కొత్త కేసు కాబట్టి ప్రస్తుతానికి ఒక్కచోట తీస్తే చాలు అన్నారు.

కొత్త కేసు.

సుమ ఇంటికొచ్చాక ఐస్‌క్రీమ్ తెచ్చి స్పూన్‌తో పెట్టింది. నువ్వు చాలా ధైర్యంగా ఉన్నావు అంది. ఏదో అడగబోయి మానేసినట్టనిపించింది. ఆఫీసు సంగతేమో.

5 జూలై, బుధవారం

రిపోర్ట్ వచ్చింది. ఇన్‌ఫ్లేమ్డ్ ఒడొంటోజెనిక్ సిస్ట్ లైనింగ్, అంటే వాచిన పంటి తిత్తి పొర. కింద ఒక లైను, కోరిలేట్ క్లినికల్లీ, అంటే పేషెంట్ సంగతులతో పోల్చి చూసుకోమని.

హనుమత్ప్రసాద్ గారు ఫిల్మ్ మళ్లీ లైటు మీద పెట్టి చాలాసేపు చూశారు. ఎక్స్‌రే చూస్తే నాకు అనుమానంగానే ఉంది, కానీ రిపోర్టూ మీరు చెప్పిందీ ఒకవైపు ఉన్నాయి, రెండు ఓట్లకి ఒక ఓటు అన్నారు. నోట్లోంచి గోకి, మొత్తం టెస్టుకి పంపుదాం. పద్నాలుగో తారీకు. బయటికొచ్చి సుమ నవ్వింది. పంజగుట్ట సెంటర్లో ఆటోల మధ్య నిలబడి వాళ్లమ్మకి ఫోన్ చేసి సిస్టేనమ్మా సిస్టే అని చెప్పింది.

నేనూ నవ్వాను. ఆ రెండు ఓట్లలో ఒకటి నేను వేసిన దొంగ ఓటు. రెండోది దాన్ని చూసి పడిన ఓటు.

7 జూలై, శుక్రవారం, మధ్యాహ్నం

క్లాసు మధ్యలో ఫోన్. ల్యాబ్ నుంచి డాక్టర్ స్వరాజ్యం. నా ముక్కని మైక్రోస్కోప్ కింద చూసిన ఆవిడ. పేషెంట్లకి ఇలా ఫోన్ చెయ్యను, రిపోర్ట్ పంపాక మీ ముక్క మళ్లీ చూశాను, సర్జన్‌కి చెప్పే ముందు ఒక్క మాట అడుగుదామని చేశాను అన్నారు. ముక్క అంచున పాత మచ్చ లాంటి కణజాలం కనబడుతోందట, ఎప్పుడో కోసి మానిన చోట ఉండేలాంటిది. దాని పక్కన నాలుగైదు కణాలు ఆవిడకి నచ్చలేదట. పేరు పెట్టడానికి చాలవు, వదిలెయ్యడానికి మనసొప్పడం లేదు. ఇంతకుముందు ఎవరైనా ఈ దవడ తెరిచారా బాబూ అని అడిగారు.

పన్ను పీకినప్పటి మచ్చ అయ్యుంటుందండీ అన్నాను. గొంతు తడబడలేదు. నేను నేర్పేదే కదా.

దానికి ఆవిడ అన్న మాట మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నా దగ్గరికి వచ్చింది బియ్యపు గింజంత ముక్క. మిగతా మనిషి మీ దగ్గరే ఉన్నాడు. ఆలోచించుకోండి."

ఫోన్ పెట్టేసి వచ్చి డెడ్‌లాక్ గురించి చెప్పాను. ఒకడు ఇంకొకడి కోసం, ఆ ఇంకొకడు వీడి కోసం ఆగి కూర్చోవడం. క్లాసంతా నవ్వింది, ఏం జోక్ వేశానో గుర్తులేదు. సుమకి ఈ ఫోన్ సంగతి చెప్పలేదు.

8 జూలై

నవీనకి మాక్ ఇంటర్వ్యూ. బెంగళూరులో మూడేళ్లు పని చేసినట్టు రెజ్యూమే తయారు చేసి పెట్టాను. ప్రాజెక్ట్, టీమ్ సైజు, మేనేజర్ పేరు, అన్నీ. రెండో ప్రశ్నకే ఆగిపోయింది. నేను బెంగళూర్ మొకమే సూడలె సార్, గా మూడేండ్లు బోరబండల ఉండుకుంట డిగ్రీ సదివిన, ఉన్న అని జెప్పనీకి నోరు వస్తలేదు అంది. ఫ్రెషర్‌నే అని చెప్పి పోతుందట.

అరిచాను. ఫ్రెషర్ అని పోతే గేటు దగ్గరే ఆపేస్తారు, మీ నాన్న ఎండలో ఇటుకలు మోసి కట్టిన ఫీజు ఏమైపోతుందో ఆలోచించావా అని. అంతమాట అనాల్సింది కాదు. ఆ పిల్ల ఏడవలేదు. ఫైలు సంచీలో పెట్టుకుని, థాంక్స్ సార్ అని పోయింది.

అరిచినప్పుడు దవడలో ఏదో టిక్కుమంది.

11 జూలై

నవీన ఫస్ట్ రౌండ్‌లోనే పోయిందట. నేను చెప్పినట్టే అయింది. సంతోషంగా లేదు.

14 జూలై, శుక్రవారం, ఉదయం 10

ఈ టైముకి నేను ఆపరేషన్ బల్ల మీద ఉండాలి. ఇంట్లో ఉన్నాను. సుమ ఆఫీసుకి వెళ్లిపోయింది.

నిన్న సాయంత్రం అడ్మిట్ అయ్యాను. గౌను ఇచ్చారు, చేతికి పట్టీ కట్టారు. సుమ పక్కన కుర్చీలో కూర్చుని బత్తాయి వలుస్తోంది. మత్తు డాక్టరు వచ్చాడు, కుర్రాడు. షుగరుందా, ఆస్త్మా ఉందా, పెట్టుడు పళ్లున్నాయా అని గడగడా అడిగాడు. ఇంతకుముందు ఏదైనా ఆపరేషన్, ఎప్పుడైనా మత్తిచ్చారా అన్నాడు.

లేదు అన్నాను.

సుమ చేతిలో తొన ప్లేటులో పెట్టింది. గొంతు పెంచలేదు. ఆఫీసులో ఫోన్లో మాట్లాడే గొంతుతో అంది:

"ఇచ్చారండీ. 2003 మేలో, భీమవరంలో. ఇదే దవడ, ఇదే వైపు. ఏం తీశారో నాకు తెలీదు, ఆయన్నే అడగండి."

ఆ కుర్రాడు నా వైపు చూశాడు. నేను సుమ వైపు చూశాను. సుమ బత్తాయి వైపు చూసింది.

అరగంటలో హనుమత్ప్రసాద్ గారు వచ్చారు. ఈసారి ఫిల్మ్‌తో కాదు, నాతో మాట్లాడారు. తిట్టలేదు. అప్పుడు తీసింది టెస్టు చేయించారా అన్నారు. లేదన్నాను. రేపటి ఆపరేషన్ లేదు, ఇంటికి వెళ్లండి, మళ్లీ మొదటినుంచి చూద్దాం అన్నారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, నేను మిమ్మల్ని సూటిగానే అడిగాను కదా కేదార్ గారూ అన్నారు. ఆ "గారు" నాకు చెంపదెబ్బ.

ఆటోలో శ్రీనగర్ కాలనీలో మా ఇంటి దాకా ఇద్దరి మధ్యలో ఆ బత్తాయిల సంచి.

15 జూలై

మాట్లాడుకున్నాం. మాట్లాడుకోవడం అంటే అది కాదనుకుంటా.

పెళ్లిచూపులైన మర్నాడే సుమ నన్ను వెరిఫై చేసిందట. వాళ్ల కంపెనీ పద్ధతి ప్రకారమే. నా కాలేజీకి ఫోన్ చేసింది, పాత ఉద్యోగానికి చేసింది, చివరికి భీమవరంలో నేను అద్దెకున్న ఇంటికి చేసింది. ఇంటావిడ చిలకమ్మ గారు నా గురించి అంతా మంచే చెప్పి, పాపం దవడ ఆపరేషన్ అయితే నెల్రోజులు నేనే జావ కాచి పోశానమ్మా అందట. ఏడాదిన్నరగా ఆ సంగతి సుమ దగ్గర ఉంది. వాళ్ల ఆఫీసులో గ్రీన్ అంటే నిజం, రెడ్ అంటే అబద్ధం, యాంబర్ అంటే ఇంకా తేలనిది.

"గ్రీన్ ఇవ్వలేదు, రెడ్ ఇవ్వలేదు. యాంబర్ పెట్టి పెళ్లి చేసుకున్నాను," అంది. "నువ్వే చెబుతావని చూశాను."

నాకు ఒళ్లు మండిపోయింది. తెలిసి తెలిసి, నేను ప్రతి డాక్టరు ముందూ అబద్ధం ఆడుతుంటే పక్కన కూర్చుని చూశావా, నేను మొగుణ్నా, కాండిడేట్‌నా అని అడిగాను. గట్టిగానే అడిగాను, పక్క పోర్షన్ వాళ్లు టీవీ తగ్గించారు.

చిన్న సంగతనుకున్నానంది. ఆపరేషన్ అయితే ఏమవుతుంది, అందరికీ అవుతాయి, అది కాదు నేను చూసింది, ఈసారి చెబుతావేమో, ఈసారి చెబుతావేమో అని నీ మొహం చూస్తూ కూర్చున్నాను అంది. దాని మీద వైద్యం ఆధారపడుతుందని నాకేం తెలుసు, తెలిస్తే మొదటి రోజే నోరు తెరిచేదాన్ని అంది.

నాకు తెలుసు. హనుమత్ప్రసాద్ గారు ఆ మాట చెప్పినప్పుడు తను కారిడార్లో ఉంది. స్వరాజ్యం గారి ఫోను కూడా నాకే వచ్చింది. ఆ రెండూ చెప్పేశాను. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

అప్పుడు సుమ నన్ను చూసిన చూపు. కోపం కాదు. భయపడింది, నన్ను చూసి. సుమకి నేను భయం కలిగించగలనని నాకు తెలియదు.

వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది. కుక్కర్ విజిల్స్ వచ్చాయి. తర్వాత ఇద్దరం తిన్నాం.

18 జూలై

మళ్లీ ముక్కలు తీశారు. ఈసారి మూడు చోట్ల, లోతుగా. సుమ వచ్చింది. ప్రశ్నలన్నీ నన్నే అడిగారు, ప్రతి జవాబుకీ డాక్టరు కళ్లు ఒకసారి సుమ వైపు వెళ్లొచ్చాయి.

26 జూలై, బుధవారం

అమెలోబ్లాస్టోమా.

నేనే ల్యాబ్‌కి వెళ్లాను. స్వరాజ్యం గారు రిటైర్మెంట్ వయసు మనిషి, మెడలో తాడుకి కళ్లజోడు. నేను ఫలానా అని చెబితే మైక్రోస్కోప్ దగ్గర కుర్చీ చూపించారు. గులాబీ రంగు నేల, మధ్యలో ఊదా దీవులు. ప్రతి దీవి అంచునా కణాలు ప్రేయర్‌లో నిలబడ్డ స్కూలు పిల్లల్లా వరసగా ఉన్నాయి. ఇంత పద్ధతిగా ఉన్నాయి, ఇవి చెడ్డవెలా అవుతాయండీ అని అడిగాను.

చెడ్డవి కావు నాయనా అన్నారు. పంటి పెంకు కట్టడం వాటి పని, నీకు మీసాలు రాకముందే ఆ పని అయిపోయింది, ఇవి మాత్రం ఆపలేదు. క్యాన్సర్‌లా ఊళ్లు దాటి పోవు, ఉన్న ఊళ్లోనే ఎముకని తింటూ పోతాయి. గోకితే నాలుగు మిగులుతాయి, ఆ నాలుగు చాలు. భీమవరంలో జరిగింది అదే. ఇప్పుడు మళ్లీ గోకి ఉంటే మూడేళ్లకో ఐదేళ్లకో తిరిగొచ్చేది, అప్పటికి పుర్రె దాకా ఎక్కి ఉండేది. అన్నీ పాఠం చెప్పినట్టే చెప్పారు. నేనూ క్లాసులో కూర్చున్నట్టే విన్నాను.

మొదటి ముక్కలో దొరకలేదేంటండీ అన్నాను. ఉన్నచోట కొయ్యలేదు, రెండోసారి వచ్చిందని తెలిస్తే ఇంకా చాలాచోట్ల కోసేవారు అన్నారు. నా తప్పు అని ఆవిడ అనలేదు. అననక్కర్లేదు.

29 జూలై

హనుమత్ప్రసాద్ గారు ఫిల్మ్ మీద స్కెచ్ పెన్‌తో రెండు గీతలు గీశారు. ఒకటి చెవి కింద, ఒకటి కోరపన్ను వెనక. ఆ రెండిటి మధ్య ఉన్నదంతా తీసేసి టైటానియం ప్లేటు పెడతారు. ఏడాది చూసి, తిరిగి రాకపోతే కాలి ఎముకతో కొత్త దవడ. తీసేసే దవడ ఎముక లోపలినుంచే కింది పెదవికి స్పర్శ ఇచ్చే నరం వెళ్తుంది. దాన్నీ తీసేయాలి. ఎడమవైపు పెదవి, గడ్డం ఎప్పటికీ మొద్దుబారి ఉంటాయి.

మాట వస్తుందా అని అడిగాను. వస్తుంది, నేర్చుకోవాలి అన్నారు.

మూడేళ్ల కిందట సరిగ్గా పట్టుకుని ఉంటే ఇంత పోయేదా అని సుమ అడిగింది. తక్కువ పోయేది అన్నారు. ఏడాదిన్నర కిందట అని అడగబోయింది, మానేసింది.

5 ఆగస్టు, శనివారం

ఆఖరి క్లాసు. ఎవరికీ చెప్పలేదు, పన్ను ఆపరేషన్ అన్నాను. పన్ను అన్నది ఒకరకంగా నిజమే, ఇదిగో, చూడు, మళ్లీ మొదలుపెట్టాను.

ఓనర్ వంశీధర్ చాలా బాధపడ్డాడు. బాధపడుతూనే సోమవారం నుంచి రామకృష్ణ అనే ఆయన వస్తున్నాడని చెప్పాడు. సాయంత్రానికే నా పోస్టర్ల మీద "బై రామకృష్ణ సార్" అంటించారు. పాత కాగితం మీద కొత్త కాగితం, జిగురు ఇంకా తడిగా ఉంది.

ఇంటికొచ్చి సుమతో చాలాసేపు మాట్లాడాను. పనికిమాలినవన్నీ. ట్రాఫిక్, అమ్మ, కరెంటు కోతలు. నా గొంతు మా ఇంట్లో వినబడాలని అంతే. తను నా వైపు తిరిగి పడుకుని అన్నీ విన్నది.

19 ఆగస్టు

ఆపరేషన్ అయింది. మాట రావట్లేదు. పలక ఇచ్చారు, రాసి చూపిస్తున్నాను. అద్దం అడిగాను. సుమ ఇవాళ వద్దంది.

23 ఆగస్టు

అద్దం ఇచ్చింది. ఎవరో.

10 సెప్టెంబర్, ఆదివారం

తీసిన ఎముక అంచుల్లో ట్యూమర్ ఏమీ లేదట. స్వరాజ్యం గారే ఫోన్ చేసి సుమకి చెప్పారు. సుమ ఫోన్ పెట్టేసి వెళ్లి దేవుడి దగ్గర కూర్చుంది. నా దగ్గరికి తర్వాత వచ్చింది.

పొద్దున్నే బాత్రూంలో ప్రాక్టీస్ చేస్తున్నాను. ప, బ, మ కుదరట్లేదు. రెండు పెదవులూ కలిశాయో లేదో నాకు తెలియదు, అద్దంలో చూసి కలపాలి. "పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్." ప్రతి జావా ప్రోగ్రామ్‌లో ఉండే లైను, రోజుకి వందసార్లు అనేవాణ్ని. ఇప్పుడు ఒక్కసారి అంటే గడ్డం మీంచి చొంగ కారుతుంది. అది కూడా అద్దంలో చూస్తేనే తెలుస్తుంది.

24 సెప్టెంబర్

మెత్తటి అన్నం తింటున్నాను. తినేటప్పుడు పెదవికి మెతుకు అంటుకుని ఉంటుంది, నాకు తెలియదు. సుమ తన పెదవి మీద వేలు పెట్టి చూపిస్తుంది. తెలుసు, తుడుచుకోబోతున్నా అంటాను. ఇవాళ మూడోసారి అలా అన్నాక తను ప్లేటు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. కుళాయి చాలాసేపు పారింది.

చూశావా, మెతుకు దగ్గర కూడా అబద్ధమే.

2 అక్టోబర్

సుమ పక్కగదిలో పడుకుంటోంది. నా కుట్లకి చెయ్యి తగులుతుందేమోనని అంటోంది. కుట్లు తీసి నెలైంది. నేను సరే అన్నాను.

15 అక్టోబర్, ఆదివారం

సుమ వచ్చి మంచం మీద కూర్చుంది. వంగి, పెదవికి ఎడమవైపు ముద్దు పెట్టింది. తెలిసిందా అని అడిగింది.

లేదన్నాను.